ఒక గీత, రెండు హద్దులు: నియంత్రణ పటం ఆసుపత్రికి వచ్చిన చరిత్ర

ఈ శీర్షికలో నేను సాధారణంగా వ్యాధుల గురించీ వాటి నివారణ గురించీ రాస్తుంటాను. ఈసారి ఒక గ్రాఫు కాగితం చరిత్ర రాస్తున్నాను. పాఠకుల నుండి తరచుగా వచ్చే ఒక ప్రశ్నే ఇందుకు కారణం. “డాక్టరు గారూ, పోయిన వారం పరగడుపున షుగరు 118 ఉంది, ఈ వారం 126 వచ్చింది. మందు పెంచాలా?” అని అడుగుతారు. కొందరు అడగకుండానే పెంచుకొని, ఆ తరువాత చెబుతారు.

118 నుండి 126కు అంకె మారింది. మార్పు మనిషిలో వచ్చిందా? పరీక్షలో వచ్చిందా? లేక రెండింటిలోనూ ఏ మార్పూ లేకుండానే అంకె కదిలిందా? మొదటి రెండు ప్రశ్నలు అందరికీ తడతాయి. మూడవది చాలామందికి తట్టదు. చదువుకున్న వైద్యులకు కూడా తట్టదు, నాకు చాలాకాలం తట్టలేదు. ఆ మూడవ ప్రశ్నకు సమాధానం చెప్పే పద్ధతి పుట్టి నూరేళ్లు దాటింది. అది పుట్టింది ఆసుపత్రిలో కాదు, టెలిఫోన్లు తయారుచేసే కర్మాగారంలో.

టెలిఫోన్ల కర్మాగారంలో ఒక పేజీ లేఖ

అమెరికాలోని షికాగో నగరాన్ని ఆనుకొని ఉన్న సిసెరోలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ వారి హాథార్న్ కర్మాగారం ఉండేది. బెల్ టెలిఫోన్ వ్యవస్థకు కావలసిన పరికరాలు అక్కడ తయారయ్యేవి. వేలాది కార్మికులు పనిచేసే ఆ చోట నాణ్యత అంటే ప్రధానంగా తనిఖీయే. సరుకు తయారైన తరువాత తనిఖీదారులు పరిశీలించి, మంచివాటిని పంపించి, లోపమున్నవాటిని పక్కన పెట్టేవారు.

ఈ పద్ధతిలో ఒక పెద్ద చిక్కు ఉంది. లోపమున్న వస్తువును ఏరివేయవచ్చు గాని, లోపం ఎందుకు పుడుతున్నదో దానివల్ల తెలియదు. ఈ వారం నూటికి మూడు చెడిపోయి, వచ్చే వారం ఐదు చెడిపోతే, ఏదో తప్పు జరిగిందని యంత్రాల బిగింపు మార్చాలా, పనివారిని నిలదీయాలా, ఊరకుండాలా? అవసరం లేని చోట మార్పులు చేస్తే సరుకులో తేడాలు తగ్గకపోగా పెరుగుతాయి. అవసరమైన చోట ఊరకుంటే చెడు సరుకు పోగుపడుతుంది. ఏది ఎప్పుడు చేయాలో చెప్పే కొలమానం ఎవరి దగ్గరా లేదు.

వాల్టర్ ఆండ్రూ షూహార్ట్ భౌతిక శాస్త్రవేత్త. 1891లో ఇల్లినాయ్ రాష్ట్రంలో జన్మించి, 1917లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొంది, 1918లో వెస్టర్న్ ఎలక్ట్రిక్‌లో చేరారు. 1924 మే 16న ఆయన తన పై అధికారికి ఒక లేఖ పంపారు. అది సుమారు ఒక పేజీ మాత్రమే. అందులో దాదాపు మూడవ వంతు ఒక బొమ్మ. నడుమ ఒక అడ్డగీత, దానికి పైనా కిందా చెరొక హద్దు, వాటి మధ్య కాలక్రమంలో పెట్టిన చుక్కలు. సరుకులో లోపాల నిష్పత్తి ఎప్పటికప్పుడు ఎలా మారుతున్నదో ఆ చుక్కలు చూపుతాయి. నేడు ప్రపంచమంతటా నియంత్రణ పటం లేదా కంట్రోల్ చార్టు అని పిలిచేది ఇదే.

షూహార్ట్ ఆలోచన చెప్పడానికి తేలిక, ఒంటబట్టించుకోవడానికి కష్టం. ఒకే మనిషి, ఒకే కలంతో, ఒకే అక్షరాన్ని పదిసార్లు రాస్తే ఏ రెండూ అచ్చంగా ఒకటిగా ఉండవని ఆయన చెప్పేవారు. మన ‘అ’ను పదిసార్లు రాసి చూడండి, సంగతి తెలుస్తుంది. రాసినవాడు తప్పు చేశాడని కాదు. కాగితపు గరుకుదనం, చేతి కదలిక, కలం వాలు వంటి వందల చిన్న కారణాలు కలిసి ఆ తేడాలను పుట్టిస్తాయి. వీటిని ఆయన యాదృచ్ఛిక కారణాలు అన్నారు. ఎవరైనా పక్కనుండి మోచేతిని తోస్తే పడే వంకర గీత వేరు. దానికి వెదికి పట్టుకోగల ప్రత్యేక కారణం ఉంది. మొదటి రకం తేడాలు ఆ పని పద్ధతిలోనే ఉన్నాయి, రెండవ రకం తేడా బయటినుండి వచ్చి పడింది. ఈ రెండింటినీ వేరుచేసి చూపడమే పటం చేసే పని.

హద్దులు ఎక్కడ గీయాలి?

లెక్క చూస్తే గాని విషయం మనసుకెక్కదు కనుక, ఆసుపత్రికి సంబంధించిన ఊహాజనితమైన ఉదాహరణ ఒకటి తీసుకుందాం. ఒక ప్రయోగశాలకు రోజుకు 100 రక్త నమూనాలు వస్తాయి. కొన్ని గొట్టంలోనే గడ్డకడతాయి, కొన్నింటిలో ఎర్రకణాలు చిట్లిపోతాయి, కొన్నింటికి పేరు చీటీ ఉండదు. అటువంటివాటిని పక్కన పెట్టి, రోగికి మళ్లీ సూది గుచ్చవలసి వస్తుంది. నెల రోజుల లెక్క తీస్తే సగటున నూటికి 4 నమూనాలు ఇలా పోతున్నాయనుకుందాం. నడిమి గీత 4 దగ్గర గీస్తాము.

ఇప్పుడు హద్దులు. నిష్పత్తి 0.04ను మిగిలిన 0.96తో గుణించి, నమూనాల సంఖ్య 100తో భాగించి, వర్గమూలం తీస్తే 0.0196 వస్తుంది. అంటే దాదాపు 2 శాతం. ఇది క్రమ విచలనం. సగటు నుండి చుక్కలు సహజంగా ఎంత దూరం చెదురుతాయో చెప్పే కొలత ఇది. షూహార్ట్ హద్దును దీనికి మూడు రెట్ల దూరంలో పెట్టారు. నాలుగుకు ఆరు కలిపితే పై హద్దు దాదాపు 10. నాలుగు నుండి ఆరు తీసివేస్తే సున్నా కంటే తక్కువ వస్తుంది గనుక కింది హద్దు సున్నా.

దీని అర్థమేమిటి? ఒక రోజు 2, మరొక రోజు 8 నమూనాలు పోయినా, ఆ రోజు ప్రత్యేకంగా ఏదో జరిగిందని చెప్పడానికి ఆధారం లేదు. 8 పోయిన రోజున డ్యూటీలో ఉన్న నర్సును పిలిచి మందలించడం అన్యాయం. 2 పోయిన రోజు నర్సును మెచ్చుకోవడం కూడా అంతే అర్థరహితం. 13 పోయిన రోజు మాత్రం వెంటనే వెదకాలి. కొత్త గొట్టాల పెట్టె తెరిచారా? కొత్తగా చేరినవారు రక్తం తీశారా? ఆ రోజు కారణం దొరికే అవకాశం ఎక్కువ.

మూడు రెట్లే ఎందుకు? రెండు రకాల పొరపాట్లున్నాయి. ఏమీ జరగనప్పుడు ఏదో జరిగిందనుకోవడం మొదటిది. ఏదో జరిగినప్పుడు ఏమీ జరగలేదనుకోవడం రెండవది. హద్దులను దగ్గరగా గీస్తే మొదటి పొరపాటు పెరుగుతుంది, దూరంగా గీస్తే రెండవది పెరుగుతుంది. రెండింటినీ పూర్తిగా తప్పించుకోలేము. రెండింటి నష్టమూ కలిపి చూసుకుంటే మూడు రెట్ల దూరం ఆచరణలో బాగా పనిచేస్తున్నదని షూహార్ట్ అనుభవంతో చెప్పారు. 1931లో వెలువడిన ఆయన గ్రంథం పేరులోనే పొదుపు అన్న భావం ఉంది. అనవసరమైన వెదకులాట కూడా ఖర్చేనని ఆయన గుర్తించారు.

హద్దు దాటిన చుక్క ఒక్కటే సంకేతం కాదు. వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ 1956లో ప్రచురించిన కరదీపికలో మరికొన్ని నియమాలు ఉన్నాయి. వాటిలో ఒకటి: వరుసగా ఎనిమిది చుక్కలు నడిమి గీతకు ఒకే వైపున పడితే, అన్నీ హద్దుల లోపలే ఉన్నా అనుమానించాలి. నాణెం ఎగరవేస్తే వరుసగా ఎనిమిదిసార్లూ బొమ్మే పడడం 256లో ఒకసారి మాత్రమే జరగగలదు. ఈ నియమాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. దీనితో నాకు సొంత అనుభవం ఉంది.

ఎర్ర పూసల పాఠం

షూహార్ట్ పటాన్ని ప్రపంచానికి చేర్చినవారిలో ముఖ్యుడు ఎడ్వర్డ్స్ డెమింగ్. విద్యార్థి దశలో వేసవి సెలవులలో హాథార్న్ కర్మాగారంలో పనిచేసిన ఆయన తరువాత షూహార్ట్‌కు సన్నిహితులయ్యారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ఆయుధ కర్మాగారాల ఇంజనీర్లకు ఈ పద్ధతులలో శిక్షణ ఇచ్చారు. 1950లో జపాన్ శాస్త్రవేత్తలు, ఇంజనీర్ల సంఘం ఆహ్వానంపై అక్కడ ఉపన్యాసాలిచ్చారు. మరుసటి సంవత్సరమే జపాన్ వారు ఆయన పేరిట ఒక పురస్కారాన్ని నెలకొల్పారు.

డెమింగ్ తన శిక్షణ తరగతులలో ఒక ఆట ఆడించేవారు. ఒక పెట్టెలో 3200 తెల్ల పూసలు, 800 ఎర్ర పూసలు కలిపి ఉంచుతారు. యాభై గుంటలున్న ఒక చెక్కను ముంచి పైకి తీస్తే యాభై పూసలు వస్తాయి. ఎర్ర పూస అంటే లోపం. సభలోని కొందరిని కార్మికులుగా నిలబెట్టి, ఒక్కొక్కరి చేత పూసలు తీయించేవారు. ఒకరికి 6 ఎర్ర పూసలు వస్తే మెప్పు, మరొకరికి 14 వస్తే చీవాట్లు. మరునాడు మెప్పు పొందినవాడికి 12 వస్తే, పొగడ్త తలకెక్కి పని పాడుచేశాడనేవారు. సభ నవ్వేది. పెట్టెలో అయిదింట ఒకటి ఎర్ర పూసే గనుక సగటున పది రాక తప్పదు. సుమారు 2 నుండి 18 వరకు ఎంత వచ్చినా పెట్టె మహిమే గాని, తీసినవాడి గొప్పా కాదు, తప్పూ కాదు. ఎర్ర పూసలు తగ్గాలంటే పెట్టెలోని సరుకు మార్చాలి. ఆ అధికారం కార్మికుడికి లేదు, యజమానికి ఉంది.

నలభై ఏళ్లకు దగ్గరగా ప్రభుత్వ వైద్యంలో పనిచేసినవాడిగా చెబుతున్నాను. మన సమీక్షా సమావేశాలలో సగం ఈ ఎర్ర పూసల ఆటే. పోయిన నెల కంటే ఈ నెల ఒక అంకె తగ్గిందని ఒకరిని నిలబెట్టి అడగడం, పెరిగిందని మరొకరికి చప్పట్లు కొట్టడం. నేను అడిగించుకున్నాను, అడిగాను కూడా.

మన దేశానికి రాక

ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931లో కలకత్తాలో స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ద్వారా ఈ విద్య మన దేశానికి విస్తరించింది. మహలనోబిస్ ఆహ్వానంపై షూహార్ట్ స్వయంగా 1947-48లో భారతదేశానికి వచ్చి, ఇక్కడి పరిశ్రమల వారికి నాణ్యతా నియంత్రణ గురించి వివరించారు. అప్పటికి మనకు స్వాతంత్ర్యం వచ్చి కొన్ని నెలలే అయింది. 1950లలో ఆ సంస్థ వివిధ నగరాలలో నాణ్యతా నియంత్రణ విభాగాలను తెరవసాగింది. అటువంటి విభాగం హైదరాబాదు హబ్సిగూడలో కూడా ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి 1941లో కలకత్తా సంస్థలో చేరిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు సుమారు నాలుగు దశాబ్దాలు అక్కడే పనిచేసి, గణాంక శాస్త్రంలో ప్రపంచ ప్రఖ్యాతి పొందారు. తెలుగువారికి ఈ శాస్త్రం పరాయిది కాదు.

ప్రయోగశాలలో ప్రవేశం

వైద్యరంగంలో ఈ పటం మొదట అడుగుపెట్టింది రక్తపరీక్షల ప్రయోగశాలలో. 1947లో అమెరికాలో బెల్క్, సండర్‌మన్ అనే ఇద్దరు ఒక సర్వే ఫలితాలను ప్రచురించారు. ఒకే రకమైన నమూనాలను పలు ఆసుపత్రుల ప్రయోగశాలలకు పంపి, వచ్చిన జవాబులను పోల్చి చూశారు. ఆ జవాబులకు ఒకదానితో ఒకటి పొంతన లేదు. వైద్యులు ప్రాణాలను ఆ అంకెల మీద ఆధారపరుస్తున్నారన్న సంగతి అప్పుడు గట్టిగా తెలిసివచ్చింది.

1950లో లెవీ, జెనింగ్స్ అనే ఇద్దరు షూహార్ట్ పటాన్ని ప్రయోగశాలకు అన్వయిస్తూ వ్యాసం రాశారు. నేడు అమలులో ఉన్న రూపంలో పద్ధతి ఇది. విలువ ముందే తెలిసిన ఒక రక్తరసాన్ని, అంటే కంట్రోల్ సీరాన్ని, రోగుల నమూనాలతో పాటు రోజూ పరీక్షిస్తారు. వచ్చిన అంకెను గ్రాఫు మీద చుక్కగా పెడతారు. తెలిసిన విలువకు చుక్క దగ్గరగా ఉంటే ఆనాటి పరీక్షలను నమ్మవచ్చు. హద్దు దాటితే రోగుల నివేదికలను ఆపి, కారణం వెదకాలి. 1981లో జేమ్స్ వెస్ట్‌గార్డ్ బృందం, ఏయే తీరు చుక్కలు వస్తే నివేదికలను ఆపాలో చెప్పే నియమాలను ఒకచోట కూర్చి ప్రచురించింది. ఈనాటికీ ప్రయోగశాలలలో ఆ నియమాలు వాడుకలో ఉన్నాయి. మన దేశంలో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల నిర్వహించే కార్యక్రమం ద్వారా అనేక ప్రయోగశాలలు ఒకే నమూనాను పరీక్షించి, తమ ఫలితాలను ఇతరులతో పోల్చుకుంటాయి.

అల్మరా తలుపు మీది గ్రాఫు

ఇక నా అనుభవం. 1980లలో నేను ఒక జిల్లా ఆసుపత్రిలో యువ వైద్యుడిని. మధుమేహంతో పాదానికి పుండు పడిన వృద్ధ రైతు ఒకరు నా వార్డులో ఉన్నారు. పుండుకు రోజూ కట్టు కడుతున్నాము, ఇన్సులిన్ ఇస్తున్నాము. పుండు శుభ్రపడుతున్నది. కాని షుగరు అంకె మాత్రం రెండు రోజులకోసారి కొద్దికొద్దిగా పైకి పోతున్నది. లోపల ఇంకా చీము ఉందేమోనని అనుకొని, వారం రోజులలో మూడుసార్లు ఇన్సులిన్ మోతాదు పెంచాను.

ఎనిమిదవ రాత్రి ఆయనకు ఒళ్లంతా చల్లని చెమటలు పట్టాయి. పిలిస్తే పలకలేదు. డ్యూటీ నర్సు అనుభవజ్ఞురాలు గనుక నన్ను పిలిపించేలోగానే గ్లూకోజు సిద్ధం చేసి ఉంచింది. నరంలోకి ఎక్కించిన కొన్ని నిమిషాలకు ఆయన కళ్లు తెరిచి, పక్కనే ఏడుస్తున్న భార్యను చూసి, “ఏమైందే?” అన్నారు. ఆ మాట ఈనాటికీ నా చెవులలో ఉంది.

తెల్లవారగానే ప్రయోగశాలకు వెళ్లి టెక్నీషియను మీద కేకలు వేశాను. ఆయన నాకంటే పదిహేనేళ్లు పెద్దవారు. నేను ఆగేవరకూ ఊరుకొని, “సార్, ఒక్కసారి ఇది చూడండి” అని అల్మరా తలుపు తెరిచారు. తలుపు లోపలి వైపున ఒక గ్రాఫు కాగితం అంటించి ఉంది. శిక్షణలో నేర్చుకున్నదాన్ని వదలకుండా, రోజూ ఒక కంట్రోల్ సీరాన్ని పరీక్షించి చుక్క పెడుతున్నారు. నడిమి గీతకు పైన వరుసగా ఎనిమిది చుక్కలు, ఒకదానికంటే ఒకటి కొంచెం ఎత్తులో ఉన్నాయి. ఏ ఒక్కటీ పై హద్దును దాటలేదు. “అయిదో రోజునే ఏదో తేడాగా ఉందనిపించింది సార్. ఆఫీసులో చెప్పాను. హద్దు దాటలేదు కదా అన్నారు.”

కారణం ఆ రోజే దొరికింది. రక్తంలో చక్కెరను కొలవడానికి, తెలిసిన బలం గల గ్లూకోజు ద్రావణంతో పోల్చి చూసేవారు. అది చెడిపోకుండా బెంజోయిక్ ఆమ్లం కలిపి ఉంచాలి. సరఫరా రానందున ఆసారి మామూలు స్వేదనజలంతో తయారుచేశారు. సూక్ష్మజీవులు పెరిగి ద్రావణంలోని గ్లూకోజును కొద్దికొద్దిగా తినివేయసాగాయి. ప్రమాణమే బలహీనపడినప్పుడు, దానితో పోల్చిన ప్రతి రోగి షుగరూ ఉన్నదానికంటే ఎక్కువగా కనబడుతుంది. రోగిలో షుగరు పెరగలేదు. పుండు మానుతున్నకొద్దీ ఆయనకు ఇన్సులిన్ అవసరం తగ్గుతున్నది. నేనేమో పెంచుతూ పోయాను.

ఆ టెక్నీషియనుకు నేను క్షమాపణ చెప్పాను. అయితే అది ఆ రోజు కాదు, రెండు వారాల తరువాత, ఎవరూ లేనప్పుడు. అందరి ముందూ తిట్టి, ఎవరూ లేనప్పుడు క్షమాపణ చెప్పడం సరి కాదని ఇప్పుడు తెలుసు. ఈ వ్యాసం రాయడానికి అది కూడా ఒక కారణం. ఆ ఎనిమిది చుక్కలు నిజం చెప్పాయి. వాటిని చదవవలసినవారు చదవలేదు. అంతకు ముందు మూడేళ్లుగా ఆ ప్రయోగశాల నివేదికలు వాడుతున్నా, ఒక్కసారి కూడా ఆ అల్మరా తలుపు తెరిచి చూడని నేను వారిలో మొదటివాడిని.

తన పనికే పటం గీసుకున్న శస్త్రవైద్యుడు

నా కథ కంటే గొప్పది మరొకటి ఉంది. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో మార్క్ డి లెవాల్ పేరుపొందిన గుండె శస్త్రవైద్యుడు. కొందరు శిశువులు గుండె నుండి బయలుదేరే రెండు పెద్ద ధమనులు తారుమారై పుడతారు. వాటిని విడదీసి సరైన చోట అతికే శస్త్రచికిత్స చాలా సున్నితమైనది. ఆయన చేసిన 104 శస్త్రచికిత్సలలో మొదటి 52 మందిలో ఒక్క శిశువే మరణించింది. ఆ తరువాత 53 నుండి 68 వరకు గల పదహారు మందిలో ఏడుగురు మరణించారు.

దురదృష్టమని సరిపెట్టుకోవచ్చు, కఠినమైన కేసులు వచ్చాయని చెప్పుకోవచ్చు. ఆయన అలా చేయలేదు. షూహార్ట్ పటానికి వారసత్వంగా 1954లో పేజ్ అనే గణాంక శాస్త్రవేత్త రూపొందించిన సంచిత మొత్తాల పద్ధతితో తన ఫలితాలను తానే పరీక్షించుకున్నారు. ఫలితాలలో మార్పు వచ్చిందని, దాన్ని కేవలం యాదృచ్ఛికంగా కొట్టిపారేయలేమని తేలింది. ఆయన మరొక కేంద్రానికి వెళ్లి తిరిగి శిక్షణ పొందారు. ఆ తరువాత ఫలితాలు మెరుగుపడ్డాయి. ఇదంతా 1994లో స్వయంగా ప్రచురించారు. తన వైఫల్యాన్ని చుక్కలుగా పెట్టి లోకానికి చూపడానికి ఎంత ధైర్యం కావాలో శస్త్రవైద్యులకే తెలుస్తుంది.

ఒక హెచ్చరిక

పటంలో చుక్కలన్నీ హద్దుల లోపల ఉంటే పని బాగా జరుగుతున్నదని అర్థం కాదు. పని నిలకడగా జరుగుతున్నదని మాత్రమే అర్థం. పైన చెప్పిన ఉదాహరణలో రోజూ సగటున నలుగురికి రెండోసారి సూది గుచ్చవలసి వస్తున్నది. అది నిలకడగా చెడ్డది. దాన్ని తగ్గించాలంటే ఒక్కొక్క రోజునూ విచారించి లాభం లేదు. రక్తం తీసే తీరు, గొట్టాల నాణ్యత, శిక్షణ, పని ఒత్తిడి, వీటినే మార్చాలి. “ఇది యాదృచ్ఛికం” అన్న మాటను “దీన్ని భరించవచ్చు” అన్న అర్థంలో ఎవరూ వాడకూడదు. ప్రసూతిలో ఒక్క తల్లి మరణించినా ఆ మరణాన్ని విడిగా విచారించవలసిందే. ఆ విచారణ దోషిని వెదకడానికి కాదు, పెట్టెలోని ఎర్ర పూసలను వెదకడానికి.

పాఠకులకు

మళ్లీ 118, 126 దగ్గరికి వద్దాం. ఏ మార్పూ లేని మనిషిలో కూడా పరగడుపు షుగరు ఒక రోజుకూ మరొక రోజుకూ సుమారు 5 శాతం అటూ ఇటూ కదులుతుంది. దానికి పరీక్షలో ఉండే సహజమైన తేడా తోడవుతుంది. కనుక ఈ రెండు అంకెల మధ్య భేదం ఏ ప్రత్యేక కారణమూ లేకుండానే రావచ్చు. 126 అన్నది వ్యాధి నిర్ధారణకు పెట్టుకున్న గీత. అది మీ శరీరపు సహజ కదలికలకు హద్దు కాదు. లక్షణాలు లేనివారిలో ఆ గీత దాటిన ఒక్క పరీక్షతో మధుమేహమని తేల్చకుండా, మరొకసారి పరీక్షించి నిర్ధారించుకోవాలనడం కూడా ఇందుకే.

ఇంట్లో వాడే గ్లూకోమీటరుకు మరికొంత వెసులుబాటు ఉంది. 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, 100కు పైబడిన విలువలలో నూటికి 95 రీడింగులు ప్రయోగశాల విలువకు 15 శాతం లోపు తేడాలో ఉంటే ఆ యంత్రం ఆమోదయోగ్యమే. అంటే అసలు విలువ 140 అయితే 119 చూపినా, 161 చూపినా యంత్రం చెడిపోయినట్లు కాదు.

అందుచేత మూడు మాటలు చెబుతాను. ఒకటి, రీడింగులను తేదీలతో ఒక పుస్తకంలో వరుసగా రాసుకోండి. వీలైతే గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టండి. ఒక చుక్కను చూసి కంగారుపడవద్దు, వరుసగా ఒకే వైపు పోతున్న చుక్కలను చూసి ఊరకుండవద్దు. రెండు, మోతాదును మీకై మీరు మార్చుకోకుండా ఆ పుస్తకాన్ని మీ వైద్యుడికి చూపండి. సుమారు మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా ఆయనకు తోడ్పడుతుంది. మూడు, మీరు వెళ్లే ప్రయోగశాలలో రోజూ కంట్రోల్ పరీక్ష చేస్తారా అని అడగండి. అలా అడగడం మర్యాదకు భంగం కాదు, శ్రద్ధగా పనిచేసేవారు సంతోషంగా చూపిస్తారు.

వీటన్నిటికీ ఒక మినహాయింపు ఉంది. షుగరు 70 కంటే తగ్గినట్లు చూపినా, చెమటలు, వణుకు, మగత కలిగినా పటాలూ సగటులూ చూస్తూ కూర్చోకూడదు. స్పృహ ఉంటే వెంటనే చక్కెర లేదా గ్లూకోజు నీళ్లు తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. అలాగే షుగరు బాగా ఎక్కువగా ఉండి వాంతులు, ఆయాసం, మగత ఉన్నా ఆలస్యం చేయరాదు. అటువంటప్పుడు ఒక్క చుక్క చాలు.

ఆ వృద్ధ రైతు పుండు మాని ఇంటికి వెళ్లిపోయారు. ఆయనను పంపించిన రోజున నేను ప్రయోగశాలకు వెళ్లి అల్మరా తలుపు తెరిచాను. కొత్త ద్రావణంతో చుక్కలు మళ్లీ నడిమి గీతకు అటూ ఇటూ పడుతున్నాయి. ఆ తరువాత నేను పనిచేసిన ప్రతి ఆసుపత్రిలోనూ, చేరిన మొదటి వారంలోనే ప్రయోగశాలకు వెళ్లి ఆ గ్రాఫు ఎక్కడుందని అడిగేవాడిని. కొన్ని చోట్ల చూపించారు. చూపించలేని చోట గీయించాను.